ఇసుకమీద కట్టినవాడు: కాటను దొరయు ధవళేశ్వరమును

చదువవలసిన వేదభాగములు: ఆదికాండము 26:12-22, మత్తయి 7:24-27



నేను తుని ప్రాంతమునకు రాకముందు డెల్టాలోని ఒక గ్రామసంఘములో కొంతకాలము సేవచేసితిని. ఆ ఊరి చేలలో చాలభాగము ఒకే పంటబోదె క్రింద పారును. బోదె తలయందు ఒక సహోదరుడు మూడెకరములు కౌలుకు చేయుచుండెను. దాని చివరను, అనగా శివారున, అతని పినతండ్రి కుమారుడు రెండెకరములు చేయుచుండెను. ఒక యేడు వరి పొట్టమీద నుండగా కాలువలో నీరు తగ్గెను. లస్కరు వంతులు పెట్టెను. పైవాడు తన వంతు ముగిసిన తరువాతకూడ బోదెకు వేసిన అడ్డుకట్ట తీయలేదు. క్రిందివాని చేను నెరలు విచ్చెను. ఇద్దరును మన సంఘపు పెద్దలే. ఆ ఆదివారమున ఒకడు ముందు వరుసలోను, మరియొకడు గుమ్మము ప్రక్కను కూర్చుండిరి. ప్రభు భోజనపు బల్లయొద్దకు ఇద్దరిలో ఎవరును రాలేదు.

ఆ సాయంకాలము నేను వారి యింటి అరుగుమీద కూర్చుంటిని. అయ్యగారు తీర్పు చెప్పవలెనని ఇద్దరును అడిగిరి. నేను మెట్ట ప్రాంతమున పుట్టినవాడను. వంతుల లెక్క నాకు వారికంటె ఎక్కువ తెలియదు. కాబట్టి తీర్పు చెప్పక, ఆ నీరు వారి బోదెలోనికి ఎట్లు వచ్చినదో ఆ కథ చెప్పితిని. దానినే ఇప్పుడు మీకును వ్రాయుచున్నాను.

నేను రాజమహేంద్రవరములో దైవశాస్త్రము చదువుకొను దినములలో శనివారపు మధ్యాహ్నములు స్నేహితులతో కలిసి నాలుగు మైళ్లు నడిచి ధవళేశ్వరము వెళ్లుచుంటిని. అక్కడ గోదావరి గట్టున నిలిచి చూచినయెడల ఆ ఊరు ఎందుకు పుట్టెనో చెప్పకయే తెలియును. పాపికొండల సందున ఇరుకుగా వచ్చిన నది రాజమహేంద్రవరము దాటగానే వెడల్పగును. ధవళేశ్వరమునొద్ద, నడుమ నున్న లంకలతో కలిపి, ఈ గట్టునుండి ఆ గట్టునకు దాదాపు నాలుగు మైళ్లుండును. అక్కడనుండి నది గౌతమి అనియు వసిష్ఠ అనియు రెండుగా చీలి సముద్రమునకు పోవును. ఆ రెండు పాయల మధ్యను, వాటికి ఇరుప్రక్కలను ఉన్న ఒండ్రునేలయే మన గోదావరి డెల్టా. ఆ నేలకు తలవాకిటివంటిది ధవళేశ్వరము.

ధవళమనగా తెలుపు. ఊరి ప్రక్కను ఒక చిన్న కొండయు, ఆ కొండమీద జనార్దనస్వామి దేవాలయమును ఉన్నవి. పదునొకండవ శతాబ్దమున రాజరాజ నరేంద్రుడు రాజమహేంద్రవరమునుండి ఏలిన కాలమునాటికే ఈ తీరము యాత్రికులు వచ్చిపోవు ప్రదేశము. అయినను శతాబ్దముల తరబడి ధవళేశ్వరము పెద్ద పట్టణము కాలేదు. రాజధాని ప్రక్కనున్న చిన్న రేవుగా, కొండదిగువ పల్లెగా ఉండెను. 1766లో ఉత్తర సర్కారులు ఇంగ్లీషు కంపెనీవారి చేతికి వచ్చెను. కంపెనీవారు పన్ను వసూలు చేయుటయందు చూపిన శ్రద్ధ చెరువులను కాలువలను బాగుచేయుటయందు చూపలేదు.

నేడు డెల్టాను అన్నపూర్ణ అని పిలుచుచున్నాము. నూట ఎనుబది, నూట తొంబది సంవత్సరముల క్రిందట దానిని చూచినవారు ఆ మాట అనియుండరు. వర్షకాలమున నది పొంగి ఏటిగట్టులు తెగి పంటలను ముంచుచుండెను. తరువాత ఆ నీరంతయు సముద్రములో కలిసిపోయి వేసవికి త్రాగునీరు కూడ దొరకకుండెను. 1832-33లో నందననామ సంవత్సరపు కరవు వచ్చెను. గుంటూరు సీమలో అయిదు లక్షల జనములో లక్షన్నర మొదలు రెండు లక్షల వరకు చనిపోయిరని అంచనా. మన గోదావరి సీమయును ఆ కరవు దెబ్బ తినెను. 1839 నవంబరులో కోరంగి తీరమున గొప్ప ఉప్పెన లేచి ఓడలను, ఊళ్లను, మనుష్యులను తుడిచివేసెను. ఊళ్లు పాడుపడెను. జనము వలసపోయెను. నీరు ఎక్కువైనను చావు, తక్కువైనను చావు. నది ప్రక్కనే యున్న ప్రజల గతి ఇట్లుండెను.

ఈ దుస్థితిని చూచి ఊరకుండలేని మనుష్యుడు ఒకడు అప్పటికే మన దేశములో నుండెను. ఆయన పేరు ఆర్థర్ కాటన్. మన పెద్దలు ఆయనను కాటను దొర యనిరి.

ఆయన 1803 మే 15వ తేదీన ఇంగ్లండులో జన్మించెను. తండ్రి పేరు హెన్రీ కాల్వెలీ కాటన్. ఆ యింట పదునొకండుగురు కుమాళ్లు, ఆర్థర్ పదవవాడు. పెద్ద కుటుంబమగుటచేత పిల్లలు త్వరగా తమ జీవనము తాము చూచుకొనవలసి వచ్చెను. పదునైదవ యేట ఆయన ఆడిస్కోంబులోని కంపెనీ సైనిక పాఠశాలలో చేరి, 1819లో మద్రాసు ఇంజనీర్ల దళములో ఉద్యోగము పొందెను. కొంతకాలము వేల్సు దేశమున భూమి కొలత పని నేర్చుకొని, 1821లో మద్రాసునకు వచ్చెను. అప్పటికి ఆయనకు పదునెనిమిదేండ్లు. చెరువుల శాఖలో పనిచేసెను. పాంబను జలమార్గమును కొలిచెను. 1824లో మొదలైన బర్మా యుద్ధమునకు వెళ్లి వచ్చెను. యౌవనమందే ఆయన తన జీవితమును ప్రభువునకు అప్పగించుకొనెను. అప్పటినుండి తనకు తెలిసిన విద్యను దేవుడు అప్పగించిన తలాంతుగా ఎంచి, దానిని పాతిపెట్టకూడదని తలంచెను.

తరువాత ఆయనను తంజావూరు సీమలో కావేరి నది పనులకు పంపిరి. అక్కడ కావేరినుండి కొల్లిడము అను పాయ చీలును. కొల్లిడము పల్లముగా ఉండుటచేత నీరంతయు అందులోనికి పోయి, కావేరి క్రింది పొలములు ఎండిపోవుచుండెను. ఆ నదిమీద కల్లణై అను పురాతనమైన ఆనకట్ట కలదు. చోళరాజైన కరికాలుడు సుమారు పదునెనిమిది వందల యేండ్ల క్రిందట దానిని కట్టించెనని చెప్పుదురు. నది అడుగున రాయి లేదు, లోతైన ఇసుకయే. ఇసుకలో ఇంత బరువైన కట్టడము ఎట్లు నిలువగలదని ఇంగ్లీషు ఇంజనీర్లు ఆశ్చర్యపడుచుండిరి.

యువకుడైన కాటను దానిని ఎగతాళి చేయలేదు. పల్లెవారు తెలివిలేనివారని అనుకొనలేదు. శిష్యుడు గురువు పాదములయొద్ద కూర్చుండునట్లు ఆ పాత రాళ్లయొద్ద నిలిచి చూచెను. ఇసుకలో దింపిన రాళ్లు కొంతవరకు దిగి, ఒకదానిమీద ఒకటి సర్దుకొని, అటుతరువాత కదలక నిలిచియుండుట కనిపెట్టెను. వదులుగా ఇసుకలో పడిన రాతికుప్పయే పునాది అగునని గ్రహించెను. ఆ పాఠము ననుసరించి 1836లో కొల్లిడముమీద రెండు ఆనకట్టలు కట్టించెను. తంజావూరు పొలములకు మరల నీరు వచ్చెను. నదులలో పునాదులు వేయు విద్యను తాను ఈ దేశపు పూర్వికులయొద్దనే నేర్చుకొంటినని ఆయన దాచుకొనక ఒప్పుకొనెను. పాలించు జాతివాడు పాలింపబడు ప్రజల తాతలను గురువులుగా ఒప్పుకొనుట ఆ దినములలో అరుదు.

ఇక్కడ మనకు ఇస్సాకు జ్ఞాపకమునకు వచ్చును. కరవు దినములలో ఇస్సాకు క్రొత్త ఉపాయములు వెదకుటకు ముందు, తన తండ్రియైన అబ్రాహాము త్రవ్వించిన బావులను, శత్రువులు మన్నుతో పూడ్చిన వాటిని, మరల త్రవ్వించెను. వాటికి తండ్రి పెట్టిన పేర్లనే పెట్టెను. కాటనుకూడ ముందు పాత బావులను త్రవ్వినవాడే.

ఎండ దెబ్బకును పని భారమునకును ఆయన ఆరోగ్యము చెడెను. సెలవు తీసికొని టాస్మేనియా ద్వీపమునకు వెళ్లెను. అక్కడనే 1841లో ఎలిజబెత్ లెర్మోంతు అను యువతిని వివాహము చేసికొనెను. తిరిగి వచ్చిన తరువాత ఆయనకు విశాఖపట్టణమున పని దొరికెను. అక్కడ ఒక దేవాలయము కట్టించెను. సముద్రపు కోతను ఆపుటకు రాతికట్టలు వేయించెను. బలహీనుడైన అధికారికి తేలికైన చోటు ఇయ్యవలెనని పైవారు తలంచిరి. అయితే ఆ తేలికైన చోటునుండియే ఆయనకు గోదావరి కనబడెను.

1844లో రాజమహేంద్రవరము జిల్లా ఎందుకు క్షీణించుచున్నదో విచారించుటకు ప్రభుత్వమువారు హెన్రీ మాంట్‌గొమరీ అను అధికారిని పంపిరి. ఆ సమయముననే కాటను నదిని పరీక్షించి తన నివేదికలను వ్రాసెను. ఆయన వాదము సులభమైనది. కావేరికంటె గోదావరి ఎంతో పెద్దది. చిన్న నది నీటిని కట్టుకొన్న తంజావూరు సుభిక్షముగా నున్నది. పెద్ద నది ఒడ్డున నున్న గోదావరి ప్రజలు ఆకలితో నున్నారు. దోషము నేలది కాదు, నదిది కాదు; నీటిని వదలివేయుచున్న పాలకులదే. ఈ మాట పాలకులకు రుచించునది కాదు. అయినను లెక్కలతో చెప్పినందున వినక తప్పలేదు. 1846 చివర లండనులోని కంపెనీ డైరెక్టర్లు అనుమతి ఇచ్చిరి. అంచనా 4 లక్షల 75 వేల రూపాయలు.

ఎక్కడ కట్టవలెను? రాజమహేంద్రవరమునొద్ద నది ఇరుకు. తక్కువ పొడవు కట్టినయెడల చాలునని ఎవరైనను అనుకొందురు. కాటను అట్లు తలంచలేదు. ఇరుకైన చోట నీరు లోతుగా, వేగముగా పారును. ధవళేశ్వరమునొద్ద నది వెడల్పుగా, పలుచగా, నెమ్మదిగా పారును. నడుమ నున్న లంకలే సగము దూరము పూర్తిచేయును. ఊరి ప్రక్కనున్న కొండలో కావలసినంత రాయి కలదు. అక్కడనుండి రెండు ప్రక్కలకును కాలువలు తీసినయెడల డెల్టా అంతటికి నీరు దానంతట అదే పల్లమునకు పారును. ఆ చిన్న పల్లె అన్ని శతాబ్దములు ఎందుకు ఆ చోట వేచియుండెనో అప్పుడు లోకమునకు తెలిసెను.

1847లో పని ఆరంభమాయెను. లంకల మధ్యనున్న నాలుగు పాయలకు నాలుగు భాగములుగా కట్టిరి: ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము. నాలుగింటి రాతికట్టడమును కలిపినయెడల రెండు మైళ్లకు మించును. ఎత్తు పండ్రెండడుగులు. ఇసుకలో నూతులు దింపి, వాటిమీద గోడ లేపి, దిగువను వాలుగా పెద్ద రాళ్లు పరచిరి. కొండనుండి నదివరకు ఇనుప పట్టాలు వేసి బండ్లమీద రాయి తెచ్చిరి. బొంబాయిలో ప్రయాణికుల రైలు నడచినది 1853లో. అంతకు ముందే ధవళేశ్వరములో రాళ్లను మోయుటకు పట్టాలు పడినవి.

పని జోరుగా నున్నప్పుడు పదివేలమంది కూలీలు అక్కడ నుండిరి. వారి కొరకు గుడిసెలు, అంగళ్లు, వంటలు. కమ్మరి కొలుములు, వడ్రంగి సాలలు, సున్నపు బట్టీలు లేచినవి. పల్లె సంతవలె మారెను. ఆ పనివారిని కూడగట్టుటలో వీణెం వీరన్న అను తెలుగు ఇంజనీరు దొరకు కుడిచేయిగా నిలిచెను; ఆయనకు తరువాత రాయబహదూరు బిరుదు వచ్చెను. నర్సాపురములో 1837నుండి పనిచేయుచున్న బౌడెను, బీరు అను మిషనెరీలు ఈ పనివారల మధ్యకు వచ్చి తెలుగులో సువార్త ప్రకటించిరి. కూలికొరకు వచ్చినవారిలో కొందరు జీవజలమును గూర్చికూడ వినిరి.

మన సంఘములలో అనేకుల ముత్తాతలు, వారి తాతలు ఆ తట్టలు మోసినవారిలో నుండియుందురు. స్త్రీలు బిడ్డను చెట్టుకొమ్మకు ఉయ్యాలకట్టి మన్ను మోసిరి. వారి పేర్లు ఏ రాతిమీదను చెక్కబడలేదు.

దొర ఆరోగ్యము మరల చెడెను. 1848లో ఆయన సెలవుమీద వెళ్లవలసి రాగా కెప్టెన్ ఆర్ పనిని నడిపెను. కాటను 1850లో తిరిగి వచ్చెను. 1852లో ఆనకట్ట పూర్తియాయెను. లంకసీమకు నీరు చేర్చుటకు హేగ్ అను యువ ఇంజనీరు గన్నవరమునొద్ద వైనతేయ పాయమీద నలుబది తొమ్మిది కమానుల అక్విడక్టు కట్టెను. క్రింద నది, పైన కాలువ! అదే సంవత్సరమున బెజవాడయొద్ద కృష్ణానదిమీదకూడ ఆనకట్ట పని మొదలై, ఆర్ చేతిమీదుగా 1855లో ముగిసెను.

ఇక ధవళేశ్వరము పల్లెగా మిగిలియుండలేదు. ఆనకట్ట ముగిసినను కొలుములు ఆరలేదు. తలుపులు, లాకులు, పడవలు చేయుటకు అక్కడ పెద్ద కార్ఖానా నిలిచెను. నీటిపారుదల కార్యాలయములు వచ్చెను. కాలువలు నీటికొరకు మాత్రమే గాక ప్రయాణము కొరకుకూడ త్రవ్వబడినవి. ధాన్యపు పడవలు ధవళేశ్వరపు లాకులు దాటి సామర్లకోట మీదుగా కాకినాడ రేవునకు పోవుచుండెను. మరియొకదిక్కున ఏలూరు కాలువ, కృష్ణ కాలువలు, బకింగ్‌హాము కాలువ మీదుగా మద్రాసు వరకు పడవ దారి ఏర్పడెను. గట్టుమీద మనుష్యులు త్రాడు భుజాన వేసికొని పడవను లాగుచు పోవుట మన పెద్దలు కన్నులార చూచినదే. పెండ్లివారును, రోగులును, బోధకులును ఆ పడవలమీదనే ప్రయాణము చేసిరి.

మా తుని ఆ కాలువల కందని మెట్ట పట్టణము. తాండవ నది మా యేరు. తమలపాకులు, మామిడిపండ్లు మా సరకు. అయినను డెల్టా బియ్యము మాకును వచ్చెను. కోత దినములలో మెట్టవారు కుటుంబములతో డెల్టాకు దిగిపోయి, కూలి గింజలు తెచ్చుకొని బ్రతికిరి. నీరు రాని ఊరికికూడ ఆ నీరు అన్నమై వచ్చెను.

1893నుండి ఈ తీరమున రైలు నడచుట మొదలాయెను. 1900లో రాజమహేంద్రవరమునొద్ద గోదావరిమీద రైలు వంతెన తెరచిరి. తరువాత బస్సులు వచ్చెను. క్రమముగా పడవలు తగ్గిపోయి ధవళేశ్వరపు రేవు సందడి సన్నగిల్లెను. పట్టణముల గతియు మనుష్యుల గతివంటిదే. అయినను తలవాకిలి తలవాకిలియే. నీరు వదలవలసిన ఆజ్ఞ అక్కడనుండియే వచ్చుచున్నది.

కాటను దొరను లోపము లేనివానిగా చెప్పుట నా ఉద్దేశము కాదు. ఆయన మొండివాడు. రైళ్లకంటె కాలువలే మేలని వాదించుచు ఇతరుల మాట వినకపోయెను. గంగా కాలువ కట్టిన కాట్లీ అను ఇంజనీరుతో బహిరంగముగా కలహించెను. ఒరిస్సా కాలువలు ఇంత లాభము తెచ్చునని ఆయన చెప్పిన లెక్కలు నెరవేరలేదు. వాటిని నమ్మిన కంపెనీ నష్టపోయెను. దుమ్ముగూడెము మీదుగా మధ్యపరగణాల వరకు గోదావరిలో పడవలు నడుపవలెనను ఆయన కోరిక మధ్యలోనే ఆగిపోయెను. ఆయన కంపెనీ ఉద్యోగి. నీరు పారిన భూమినుండి కంపెనీకి పన్నుకూడ పెరిగెను. ఇది దాచవలసిన సంగతి కాదు.

అయితే ఆయన తన యజమానులకు భయపడి సత్యమును మ్రింగలేదు. ఈ దేశపు నీటిపనులను పాలకులు అలక్ష్యము చేసిరని 1854లో గ్రంథము వ్రాసి ప్రకటించెను. 1861లో ఆయనకు సర్ బిరుదు వచ్చెను. ఉద్యోగము విడిచి స్వదేశమునకు పోయిన తరువాతకూడ ఊరకుండలేదు. 1876-78లో ధాత కరవు వచ్చి దక్షిణ దేశమున లక్షలకొలది జనము చనిపోయిరి. ఆ కరవులో ఆనకట్టల క్రింది గోదావరి, కృష్ణ, కావేరి డెల్టాలు పంట పండి ఇతరులకు గింజలు పంపెను. అట్లయినను 1878లో పార్లమెంటు కమిటీ ఆయనను పిలిచి, ఆయన పథకములు వ్యర్థవ్యయమని గట్టిగా ప్రశ్నించెను. డెబ్బది అయిదేండ్ల ఆ వృద్ధుడు నిలిచి జవాబు చెప్పెను. మన ప్రజలు ఆ గదిలో లేరు. వారి పక్షమున ఆయన మాటలాడెను.

ఆయన చివరి దశాబ్దములు ఇంగ్లండులోని డార్కింగు అను చిన్న సంత పట్టణములో గడచెను. ఆ ఊరిని గూర్చికూడ కొంచెము చెప్పవలెను. అది సర్రే సీమలో సుద్దకొండల దిగువ నున్నది. రోమనుల రాజమార్గము ఆ దారిని పోయెను. 1086లో ఇంగ్లండు రాజు వ్రాయించిన భూముల లెక్కలో ఆ ఊరి పేరున్నది. పదమూడవ శతాబ్దమునుండి అక్కడ సంత జరుగుచుండెను. ధాన్యమునకును, అయిదు వ్రేళ్లుగల ఒక జాతి కోళ్లకును ఆ సంత పేరొందెను. 1620లో విశ్వాసముకొరకు దేశము విడిచి మేఫ్లవరు ఓడలో అమెరికాకు పోయినవారితో కూడ డార్కింగు చెప్పుల వర్తకుడొకడు, విలియం మల్లిన్సు అనువాడు, వెళ్లెను. దాని ప్రక్కను పారు మోలు అను చిన్న నది ఎండకాలమున కొంత దూరము భూమిలో దూరి కనబడకపోవును.

ఆ పట్టణపు చేరువనే 1766లో మాల్థసు అను పండితుడు పుట్టెను. జనసంఖ్య ఆహారముకంటె వేగముగా పెరుగును గనుక కరవులు తప్పవని ఆయన వ్రాసెను. ఆయన మన దేశమునకు రావలసిన కంపెనీ అధికారులకు 1805నుండి 1834లో చనిపోవు వరకు పాఠములు చెప్పెను. కరవు తప్పదని బోధించినవాడు పుట్టిన చోటుననే, కరవును తప్పింపవచ్చునని ఒక సీమయందు చేసి చూపినవాడు వృద్ధాప్యము గడపెను.

డార్కింగులో కాటను దొర తన తోటలో లోతుగా త్రవ్వి గోధుమలు వేసి, కొద్దిపాటి నేలలో ఎక్కువ గింజలు పండించుట ఎట్లో పరీక్షించుచుండెను. ముసలితనమున అరబీ భాష నేర్చుకొనెను. ఆయన కుమార్తె ఎలిజబెత్, తరువాత లేడీ హోప్ అని పేరొందినది, ఆ ఊరి పనివారు సారాయి అంగళ్లకు పోకుండ కాఫీ గది తెరచి వారికి వాక్యము చెప్పుచుండెను. తండ్రి జీవితమును 1900లో గ్రంథముగా ప్రకటించినదియు ఆమెయే. 1899 జూలై 24వ తేదీన, తొంబది యారవ యేట, కాటను ప్రభువునందు నిద్రించెను. ఆయన దేహమును ఆ చిన్న పట్టణపు సమాధుల తోటలోనే ఉంచిరి.

ఆయన కట్టిన ఆనకట్ట నూట ముప్పది సంవత్సరములు పనిచేసెను. తరువాత దాని ప్రక్కనే 1970లో మొదలుపెట్టి 1982లో పూర్తిచేసిన క్రొత్త బరాజునకు ఆయన పేరే పెట్టిరి. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చి ఏటిగట్టులు తెగినప్పుడు, నది ఇంకను మనుష్యుని చేతిలో లేదని మనము మరల నేర్చుకొంటిమి. ధవళేశ్వరములో ఆయన పేర ఒక ప్రదర్శనశాల కలదు. డెల్టా గ్రామములలో ఆయన విగ్రహములు నిలిచినవి. పురోహితులుకూడ సంకల్పములో ఆయన పేరు చెప్పుదురని వినుచున్నాము. కృతజ్ఞత మంచిదే. అయితే తన విగ్రహమునకు దండ వేయుట చూచినయెడల ఆయన సిగ్గుపడి, నీరిచ్చినవాని వైపు వ్రేలు చూపియుండును.

ప్రియులారా, ఇసుకమీద ఇల్లు కట్టినవాని ఉపమానమును మనము అందరము ఎరుగుదుము. కాటను దొర ఇసుకమీదనే కట్టెను, అది కూలలేదు. వేదవాక్యము తప్పెనా? తప్పలేదు. ఆ ఉపమానములో ప్రభువు ఇసుకనుగూర్చి ఇంజనీర్లకు పాఠము చెప్పలేదు. విని చేయువానికిని, విని చేయనివానికిని ఉన్న భేదము చెప్పెను. కాటను పూర్వికుల రాళ్లు చెప్పినది వినెను, ఆకలిగొన్నవారి మొర వినెను, విన్నదానిని చేసెను. ఇసుకను ఎరిగి, దాని బలహీనతను తలంచి కట్టినందున ఇసుకకూడ బరువు మోసెను. వినికిడి మాత్రమే కలిగి చేతలులేని బ్రతుకు బండమీద నున్నను ఇసుకయే.

మరియొక సంగతి. నీరు పొలమునకు వచ్చెను గాని పొలము అందరికిని రాలేదు. తట్టలు మోసినవారి పిల్లలలో అనేకులు పాలేర్లుగాను కౌలుదారులుగాను మిగిలిరి. ఆనకట్ట కరవును ఆపెను గాని మనుష్యుని పేరాశను ఆపలేదు. దానిని ఆపు కట్టడము రాయితోను సున్నముతోను కట్టబడదు. ఇస్సాకు పనివారు త్రవ్విన బావులయొద్ద కలహము పుట్టగా ఆ బావులకు ఏశెకు అనియు శిత్నా అనియు పేర్లు వచ్చెను. ఇస్సాకు పోట్లాడలేదు, విడిచి ముందుకు పోయి మరియొకటి త్రవ్వెను. కలహములేని ఆ బావికి రహెబోతు అని పేరు పెట్టెను, అనగా దేవుడు ఎడము కలుగజేసెను. మన బోదెలకు ఏ పేరు పెట్టవలెనో మనమే ఆలోచింపవలెను.

ఆ రాత్రి అరుగుమీద నేను ఈ కథ ముగించినప్పుడు పైచేనివాడు ఏమియు మాటలాడలేదు. కండువా దులుపుకొని లోనికి వెళ్లెను. నా మాట వ్యర్థమాయెనని తలంచితిని. మరుసటి వంతు నాటి తెల్లవారుజామున క్రిందిచేనివాడు పార పట్టుకొని పోట్లాటకు సిద్ధపడి బోదెయొద్దకు వెళ్లగా, అడ్డుకట్ట అప్పటికే తీయబడి యుండెను. నీరు నెరలలోనికి దిగుచుండెను. గట్టుమీద తడి అడుగులు మాత్రము కనబడెను. అతడు చెప్పినప్పుడే నాకును తెలిసెను.

వారు వెంటనే ప్రాణమిత్రులు కాలేదు. సగము చేను అప్పటికే పాడైనది. దాని నష్టము మాటలతో తీరలేదు. అయితే తరువాతి ప్రభు భోజనమునాడు ఇద్దరును ఒకే బల్లయొద్ద మోకరించిరి.

సహోదరులారా, తలయందున్నవారు శివారునున్నవారిని మరువకూడదు. అది నీటి విషయమే కాదు. ధనమును, చదువును, సంఘములో పెత్తనమును, సువార్తయును బోదెలో నీరువంటివి. మనయొద్ద నిలుపుకొనుటకు అవి రాలేదు. ఈ మాసమున ఏ అడ్డుకట్ట మన చేతితో వేసినదో కుటుంబ ప్రార్థనలో ఒకరినొకరు అడుగుకొనుడి. కనుగొన్నయెడల తెల్లవారకముందే వెళ్లి తీసివేయుడి.

ప్రార్థన: ప్రభువా, కొండలనుండి నీరు పంపువాడవు నీవే. మా ముందు త్రవ్వినవారి నిమిత్తము, పేరు తెలియక మోసినవారి నిమిత్తము నీకు స్తోత్రము. మా వంతు ముగియగానే క్రిందికి వదలు మనస్సు మాకు దయచేయుము. ఆమేన్.